ఆలంపురపు కోవెలలు

ద్రోణాచలము నుండి సికింద్రాబాదు వైపు పోవు రైలెక్కినచో వెల్దుర్తి, ఉలిందకొండ, దూపాడు స్టేషనులు గడచి కర్నూలు చేరుదుము. దారి పొడవునను ఎఱ్ఱనేలలు, నాపరాతి దిబ్బలు, అక్కడక్కడ తుమ్మచెట్లు. వానలు కురిసిన యేట జొన్న, కంది, వేరుసెనగ పైరులు కన్పట్టును. కురియని యేట రాళ్లే కన్పట్టును. కర్నూలు దాటినంతనే బండి తుంగభద్ర వంతెన మీదికి వచ్చును. అంతవరకును మాటలలో మునిగియున్న ప్రయాణికులు కూడ ఆ క్షణమున కిటికీలకడకు జరిగి నది వైపు చూతురు. నీటికై మొగము వాచిన సీమవారికి నది యనిన అంత మక్కువ.

ఆ నదికి ఎడమగట్టున, అది కృష్ణలో కలియుటకు కొంత ఎగువగా, ఆలంపురమున్నది. కర్నూలు నుండి బస్సులో పోవువారు పెద్ద రహదారిపై ఆలంపురము చౌరస్తా వరకు పోయి, అచ్చట కుడిప్రక్కకు తిరుగవలెను. నిజాము పాలనలో ఈ ఊరు రాయచూరు జిల్లాలో నుండెను. 1956లో మహబూబునగరము జిల్లాలో చేరెను. 2016 నుండి జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది. జిల్లాలు మారినవి, రాష్ట్రములు మారినవి. కాని కర్నూలు సీమ వారికిని ఆలంపురమునకును గల సంబంధము ఏ సరిహద్దు రాయికిని తెగలేదు. కర్నూలు పేరు వెనుకనే ఆ సంబంధమున్నదని పెద్దలు చెప్పుదురు. ఆలంపురపు ఆలయములకు రాళ్లు తోలుకొనిపోవు బండ్లవారు తుంగభద్ర దాటుటకు ముందు ఈ గట్టున ఆగి, ఇరుసులకు కందెన వేసికొనెడివారట. ఆ కందెన వేసిన చోటు కందెనవోలై, కందనవోలై, తుదకు కర్నూలైనది. బండి ఇరుసునకు ఆముదము పూయుట మీలో చాలమంది చూచియుండరు. మీ తాతగారి నడిగినచో చెప్పగలరు.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములు కలవని ప్రసిద్ధి. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము, పడమట ఆలంపురము. పూర్వము కాలినడకన శ్రీశైలము పోవు యాత్రికులు ఈ క్షేత్రములలో ఒకదానియందు స్నానపానాదులు ముగించుకొని అడవిలో ప్రవేశించెడివారు. ఇక ఆలంపురములోని జోగుళాంబ అష్టాదశ శక్తిపీఠముల దేవతలలో నొకతె. ఆ తల్లి ప్రాచీనాలయము 14వ శతాబ్దిలో, బహమనీ సుల్తానుల కాలపు దండయాత్రలలో ధ్వంసమైనదని చెప్పుదురు. విగ్రహమును బాలబ్రహ్మాలయములో దాచి కొన్ని శతాబ్దుల పాటు అచ్చటనే పూజించిరి. 2005లో పాత చోటనే నూతనాలయము కట్టి అమ్మవారిని మరల ప్రతిష్ఠించిరి. నేడు ఆలంపురము పోవువారిలో నూటికి తొంబదిమంది ఈ గుడికే పోవుదురు. దర్శనము చేసికొని, టెంకాయ కొట్టి, అరగంటలో మరల బస్సెక్కుదురు. భక్తికి కొదువ లేదు కాని, ఆ ప్రక్కనే పదమూడు వందల ఏండ్లుగా నిలిచియున్న తొమ్మిది గుళ్లను తీరికగా చూచువారు బహుస్వల్పము.

ఆ తొమ్మిదింటిని నవబ్రహ్మాలయములందురు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అనునవి వాని పేరులు. పేరులు బ్రహ్మవి, గుళ్లు శివునివి. ఇవి నిజముగా రసవాదమున వాడు ఓషధుల పేరులనియు, రససిద్ధుడనువాడు శివానుగ్రహమున పరుసవేది సాధించి ఈ గుళ్లను కట్టించెననియు ఒక కథ కలదు. శాసనములు చెప్పు కథ వేరు. వాతాపిని రాజధానిగా చేసికొని ఏలిన చాళుక్యులు 7, 8 శతాబ్దులలో వీనిని నిర్మించిరి. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని కాలమున, అనగా 681కిని 696కును నడుమ, కట్టబడినది. అతని కుమారుడు విజయాదిత్యుని ఆజ్ఞచే ఈశానాచార్యుడను శైవగురువు 713లో ఆలయ ప్రాకారమును కట్టించినట్లు ఒక శాసనము తెలుపుచున్నది. ఆ శాసనమును గూర్చి మరల చెప్పెదను.

మన సీమలో గుడి యనిన మీకు తోచు రూపమేది? మెట్లు మెట్లుగా అంతస్తులు పేర్చిన విమానము, ముందు ఎత్తైన గాలిగోపురము. ఆలంపురమున అట్టి రూపము కానరాదు. ఇచ్చటి శిఖరములు క్రింద వెడల్పుగా బయలుదేరి, పైకి పోవుకొలది వంపు తిరుగుచు లోనికి ముడుచుకొనును. కొనకు ఉసిరికాయను పోలిన గాడుల చక్రమొకటి కూర్చుండును. దానిని ఆమలకమందురు. ఇది ఉత్తరదేశపు నాగరరీతి. ఒడిస్సాలోని భువనేశ్వరము చూచినవారికి ఈ పోలిక వెంటనే తట్టును. దక్షిణాదిని చోళుల పెద్దగుళ్లు లేవకముందే తుంగభద్ర గట్టున ఉత్తరాది శిల్పరీతి ఇంత నిండుగా వికసించుట ఆశ్చర్యము. తొమ్మిదింటిలో తారకబ్రహ్మ యొక్కటి మాత్రము దక్షిణపు రీతిలో నున్నది. ఒకే ఆవరణలో రెండు రీతులను ప్రక్కప్రక్కన నిలిపి చూచుకొనిరి ఆ కాలపు శిల్పులు. ఒకరి పద్ధతి మరియొకరికి సరిపడదని వాదులాడుకొనినట్లు లేదు.

స్వర్గబ్రహ్మాలయము తక్కినవానికంటె అందమైనదని నా తలంపు. శిఖరము ముఖమున గూడువంటి తోరణములో శివుడు నాట్యమాడుచుండును. మూలలయందు దిక్పాలకులు నిలిచియుందురు. ఒక గూటిలో త్రివిక్రముడు పాదమెత్తియుండగా, మరియొకచోట లింగోద్భవమూర్తి కన్పట్టును. లోపలికి పోయినచో గర్భగృహము చుట్టును చీకటి ప్రదక్షిణ మార్గమున్నది. ఆ చీకటిలోనికి రాతిజాలకముల ద్వారా వెలుతురు చుక్కలు చుక్కలుగా పడును. ఉదయమున ఒక గోడపై, సాయంకాలమున మరియొక గోడపై పడును. ప్రదక్షిణము చేయువాడు చీకటిలో నడచుచు మాటిమాటికి వెలుతురులోనికి వచ్చునట్లు ఆ శిల్పి యోచించినాడు. దీనిని పరుగెత్తుచు చూచిన ప్రయోజనము లేదు.

బాలబ్రహ్మాలయమున నిత్యపూజలు జరుగుచున్నవి. చిన్న లింగము, పైభాగము ఆవుగిట్ట పడినట్లు పల్లముగా నుండును. మండపమున సప్తమాతృకలు కలరు. గరుడబ్రహ్మాలయమునకు రెక్కలు విప్పి ఎగురుచున్న గరుడుని శిల్పమువలన ఆ పేరు వచ్చినదందురు. అర్కబ్రహ్మలో శిల్పములు చాలవరకు శిథిలమైపోయినవి. పద్మబ్రహ్మ శిఖరము అసంపూర్ణము. మిగిలినవానిని మీరే పోయి చూడవలెను. తొమ్మిదింటి పేరులు పరీక్షకు కంఠస్థము చేయుటకంటె ఒక్కదాని చుట్టును మెల్లగా తిరుగుట మేలు.

ఇప్పుడు విజయాదిత్యుని శాసనపు సంగతి. అది మన తెలుగు, కన్నడములకు తల్లియైన దక్షిణపు లిపిలో లేదు. సిద్ధమాతృక యను ఉత్తరాది లిపిలో నున్నది. ఇక్కడ ఒక దూరదేశపు ముచ్చట చెప్పవలసియున్నది. ఈశానాచార్యుడు ప్రాకారము కట్టించుటకు మూడేండ్ల ముందు, 710లో, జపాను చక్రవర్తులు నారా యను నగరమును రాజధానిగా ఏర్పరచుకొనిరి. 784 వరకు అది వారి రాజధాని. ఆ నగరమున తోదైజీ యను ఆలయములో మహాబుద్ధుని కంచు విగ్రహమును పోతపోసి, 752లో దానికి నేత్రోన్మీలనము జరిపించిరి. ఆ కుంచె పట్టి విగ్రహమునకు కనుపాపలు దిద్దినవాడెవరో తెలియునా? బోధిసేనుడను భారతదేశపు భిక్షువు. అతడు 736లో సముద్రము దాటి జపాను చేరినాడు. సిద్ధమాతృకా లిపి కూడ బౌద్ధులతో అచ్చటికి పోయినది. మన దేశమున ఆ లిపి వాడుక ఏనాడో అంతరించినది. జపాను ఆలయములలో మాత్రము భిక్షువులు నేటికిని బీజాక్షరములను ఆ లిపిలోనే కుంచెతో వ్రాయుచున్నారు. ఆలంపురపు రాతిమీద మనము చదువలేని అక్షరమును, వేల మైళ్ల అవతల నొక వృద్ధ భిక్షువు గుర్తుపట్టగలడన్నమాట. నారా, క్యోటో నగరములకు ప్రపంచమంతటి నుండియు యాత్రికులు పోవుచుందురు. వాని ఈడుదే యైన ఆలంపురమునకు ప్రక్క జిల్లావారు కూడ పోరు.

ఊరిలో చూడదగినవి మరికొన్ని కలవు. సూర్యనారాయణస్వామి గుడి, శ్రీకృష్ణదేవరాయల శాసనము గల నరసింహస్వామి గుడి, షా అలీ పహిల్వాను దర్గా, పురావస్తు ప్రదర్శనశాల. ప్రదర్శనశాలలోని నల్లరాతి విగ్రహములు అంతకు తరువాతి కాలపు శిల్పుల చేతిపని. ఈ ఊరి చరిత్రను శ్రమించి వెలికితీసినవారిలో గడియారం రామకృష్ణశర్మగారు ముఖ్యులు. శాసనములను చదివి, గ్రంథములు వ్రాసి, 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను ఈ చిన్న ఊరిలో జరిపించిరి. వారి ఆత్మకథ 'శతపత్రము'నకు వారి మరణానంతరము కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఇంతవరకు చెప్పినవి నిలిచినచోటనే నిలిచిన గుళ్లు. ఆలంపురమునకు కదలివచ్చిన గుళ్లు కూడ కలవు.

కృష్ణానదిపై శ్రీశైలము వద్ద ఆనకట్ట కట్టవలెనని నిశ్చయించి 1960లో పని ప్రారంభించిరి. జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు నీరు నిలిచినచో కృష్ణా, తుంగభద్రల గట్టులనున్న పల్లపుటూళ్లన్నియు మునుగును. ఆ ఊళ్లతో పాటు పదుల కొలది ప్రాచీనాలయములును మునుగును. వానిలో ముఖ్యమైనవానిని తరలింపనెంచిరి. కృష్ణాతుంగభద్రల సంగమమున, కూడవెల్లి యను చోట, చాళుక్యుల సంగమేశ్వరాలయమొకటి యుండెను. దానిని విప్పి ఆలంపురమున తిరిగి కట్టిరి. తుంగభద్ర గట్టున ఆలంపురమునకు సమీపముననే పాపనాశి యను చోట ఇరువదికి పైగా చిన్నచిన్న గుళ్ల గుంపుండెను. దానిని ఊరికి నైరుతిగా మెరకనేలకు చేర్చిరి. ఆలంపురపు నవబ్రహ్మాలయములను కదల్పలేదు. నదికి ఊరికి నడుమ కట్ట కట్టి కాపాడిరి. 2009 అక్టోబరులో వచ్చిన మహావరద కర్నూలు నగరమును ముంచినప్పుడు ఆలంపురములోనికిని నీరు చొరబడినది. చాళుక్యుల గోడలు దానిని కూడ ఓర్చుకొనినవి.

గుడిని విప్పుట యనిన ఎట్లో మీకు తెలియవలెను. ద్రోణాచలము, బేతంచెర్ల ప్రాంతముల వారికి రాతిపని కొత్తది కాదు. గనిలో నాపబండను పెరికించుటయు, మెరుగుపెట్టుటయు మీ ఇండ్లలోని పెద్దలు చేయుచునే యున్నారు. కాని ఈ పని వేరు. ముందుగా గుడికి నాలుగు వైపులను ఛాయాచిత్రములు తీయుదురు, కొలతలు వేయుదురు. ప్రతి రాతికిని ఏ గోడలో, ఏ వరుసలో, ఎన్నవ రాయియో తెలుపు గుర్తు వేయుదురు. తరువాత శిఖరము నుండి క్రిందికి, కట్టినవాడు ఏది చివర పెట్టెనో దానిని మొదట తీయుచు, ఒక్కొక్క రాయిని దించుదురు. కొత్తచోట పునాది వేసి, మరల క్రింది నుండి పైకి అదే వరుసలో పేర్చుదురు. ఒక్క గుర్తు చెరిగినను, ఒక్క రాయి పగిలినను మొత్తము వరుస ఆగిపోవును. ఈజిప్టు దేశమున అస్వాను ఆనకట్ట వలన మునుగవలసిన అబూ సింబెలు ఆలయములను 1964 నుండి 1968 వరకు పెద్ద పెద్ద ఖండములుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తునకు చేర్చిరి. అది లోకప్రసిద్ధము. పాపనాశి గుళ్ల తరలింపు మన జిల్లాలవారికే తెలియదు.

పాపనాశికి తప్పక పొండు. అచ్చట వంపు శిఖరములు లేవు. పలకలు ఒకదానిపై నొకటి మెట్లుగా పేర్చిన పిరమిడు వంటి కప్పులు. 9వ శతాబ్ది మొదలు 11వ శతాబ్ది వరకు రాష్ట్రకూటుల, కల్యాణి చాళుక్యుల కాలమున కట్టినవి. పెద్దవి, చిన్నవి, ఒకదాని నొకటి ఆనుకొని, సంతలో కూర్చున్న పల్లెవారివలె నుండును. జనసంచారము తక్కువ. గాలి చప్పుడు, పిట్టల కూతలు తప్ప వేరొకటి వినరాదు. స్వర్గబ్రహ్మ అందము చూచి మెచ్చుకొనవచ్చును, కాని కూర్చుండుటకు నాకు పాపనాశియే ఇష్టము. ఒక్కటే కొరత. పాపములను నశింపజేయు స్నానఘట్టమునకు ఆ పేరు వచ్చినది. ఇప్పుడు గుళ్లున్నవి, ఘట్టము లేదు. నది దూరమైపోయినది.

అట్లయిన అది అదే గుడియా, వేరు గుడియా? రాళ్లన్నియు పాతవే, చోటు మాత్రము కొత్తది. జపానులోని ఇసే ఆలయమున దీనికి సరిగా తలక్రిందులైన ఆచారమున్నది. ఆ కొయ్యగుడిని ఇరువదేండ్లకొకసారి ప్రక్కస్థలమున సరిక్రొత్త కలపతో అదే కొలతలకు కట్టి, పాతదానిని విప్పివేయుదురు. కలప కొత్తదైనను అది వేయేండ్లకు మించిన గుడి యనియే వారి భావము. క్యోటో నగరమున కింకకూజీ యను బంగారు మందిరము 1950లో ఒక యువభిక్షువు పెట్టిన నిప్పునకు కాలి బూడిదయైనది. 1955లో మరల కట్టిరి. యాత్రికులు దానిని చూచి ప్రాచీనమందిరమనియే చేతులు జోడింతురు. నిర్మించు విద్య నిలిచినచో గుడి నిలిచినట్లేయని వారి లెక్క. మన శిల్పశాస్త్రజ్ఞులు రాయి నిలువవలెనందురు. పల్లెవారు చోటు నిలువవలెనందురు. ముగ్గురి మాటలోను కొంత సత్యమున్నది.

నేను ఉన్నతపాఠశాలలో పనిచేయుచున్న దినములలో ఒకమారు విద్యార్థులను వెంటబెట్టుకొని పాపనాశికి పోయియుంటిని. రాళ్లను గుర్తులు వేసి తరలించిన విధమును పైన చెప్పినట్లే వివరించితిని. అందరును వినిరి. ఒక బాలుడు మాత్రము గోడమీద చేయి వేసి, "సార్, గుడిని రాయి రాయి లెక్కపెట్టి తెచ్చినారు. మా తాత ఇంటి గడప ఎవరూ తేలేదు సార్" అనెను. వాని పెద్దలు కృష్ణ ఒడ్డున నొక ముంపు గ్రామము వదలి ద్రోణాచలము చేరి, రాతిగనులలో కూలికి కుదిరినవారు. శ్రీశైలము జలాశయమున నూటికి పైగా ఊళ్లు మునిగినవి. 1981లో పల్లెపల్లెను ఖాళీ చేయించిరి. నల్లరేగడి భూములు గలవారు పట్నములకు పోయి రోజుకూలీలైరి. ఆనకట్ట అనవసరమని నేననను. ఆ నీరే విద్యుత్తగుచున్నది, కాలువలై మన సీమ పొలములకును పారుచున్నది. కాని ఆ బాలుని మాటకు నాయొద్ద ఉన్న పాఠ్యపుస్తకములలో జవాబు లేదు. తక్కిన పిల్లలు కూడ ఆ పూట గుళ్ల గోడలపై పేర్లు గీయలేదు.

తరలించిన ఆలయములలో మరియొకటి మన కర్నూలు వెలుపలనే, జగన్నాథ గట్టు మీద నున్నది. రూపాల సంగమేశ్వరము నుండి తెచ్చినది. దానిని చూచువారు ఇంకను తక్కువ. అయితే సంగమేశ్వరమున ఒక గుడి మిగిలిపోయినది. అచ్చట తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి యను ఏడు నదులు కలియునని ప్రతీతి. ధర్మరాజు శివప్రతిష్ఠకు పూనుకొనగా లింగము తేబోయిన భీముడు ముహూర్తమునకు రాలేదట. అంతట వేపమొద్దునే లింగముగా చెక్కి నిలిపిరట. ఆ వేపలింగము గల గుడి 1981లో నీట మునిగినది. 2003లో జలాశయము బాగుగా ఎండినప్పుడు తొలిసారి బయటపడినది. కొయ్యలింగము చెడకయుండెను. నాటినుండి నీరు తగ్గిన యేటనెల్ల వేసవిలో కొన్ని నెలలు గుడి తేలును. జనులు ఎండిన బురదనేలపై నడచియు, పుట్టీలు, మరపడవలు ఎక్కియు పోయి దర్శించుకొందురు.

పోదలచినవారు వేసవిలో, నీరు తగ్గినదని విచారించుకొని, ఎవరైన పెద్దల వెంట పోవలెను. వర్షాకాలము వచ్చి ఎగువనుండి కృష్ణమ్మ దిగినచో నీరు మొదట మెట్లనెక్కును, తరువాత గడప దాటును, గర్భగుడి చొచ్చును. పురోహితుడు రోజురోజును వెనుకకు జరుగుచు పూజ చేయును. తుదకు శిఖరము కొన మాత్రము మిగిలినప్పుడు ఆయన పడవలో పోయి, ఆ కొనకే పసుపు కుంకుమలద్ది, హారతి ఇచ్చి వచ్చును. మరునాటికి అచ్చట నీరే యుండును.